నాటకంలోంచి తీసేసిన మాట

ఈ బరువు ఇన్నేళ్ళూ ఎవరి దగ్గరా దించుకోలేదు. మా ఆయనకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమెరికాలో మేముండే హెర్న్‌డన్‌లో మా తెలుగు బడి పిల్లల చేత ఏటా నాటకం వేయిస్తాను. ఒక ఏడాది పౌరాణికం వద్దన్నారు. "ఆంటీ, అమెరికన్ హిస్టరీలో మనవాళ్ళు లేరా?" అని అడిగారు. సరే, మన పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళు చూసిన అమెరికానే ఆడదామన్నాను. నియమం ఒక్కటే. చెప్పినవాళ్ళ మాట మార్చకూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

మా ఊళ్ళోనే ఉండే ప్రసాద్ గారు నాకూ పిల్లలకూ న్యూయార్క్‌లో టవర్లు కూలిన వారం సంగతి చెప్పారు. అప్పట్లో ఆయనా, గుంటూరు నుంచి వచ్చిన రఫీక్ అనే ఆయనా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. పెట్రోలు పోయించుకునే గ్యాస్ స్టేషన్ దగ్గర ఎవరో ఇద్దరు వీళ్ళని అడ్డగించి మీరెవరని గద్దిస్తే, ప్రసాద్ గారు భయంతో రఫీక్ వైపు వేలు చూపించారు. "నేను హిందువుని. ముస్లిం అతను" అన్నారు. వాళ్ళు రఫీక్‌ను కింద పడేసి తన్నారు.

"ఆ ముక్క తప్పకుండా పెట్టమ్మా" అన్నారు ప్రసాద్ గారు. "వాడిప్పుడు ఎక్కడో దూరాన చాండ్లర్ అనే ఊళ్ళో ఉన్నాడు. ఫోన్ చేసే మొహం నాకు లేదు. వీడియో ఆన్‌లైన్‌లో పెడతారుగా, ఎప్పటికైనా చూస్తాడు."

"పెడతాను ప్రసాద్ గారూ" అన్నాను.

పెట్టలేదు. హాల్లో పిల్లల స్కూలు టీచర్లుంటారు, అమెరికన్లుంటారు, మనవాళ్ళ గురించి ఏమనుకుంటారోనని జంకాను. ఆయన పరువు కాపాడుతున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజంగా అదేనా? కాదు. నాకు చప్పట్లు కావాలి. నా నాటకంలో ప్రసాద్ రఫీక్‌కు అడ్డంగా నిలబడి, "ముందు నన్ను కొట్టండి" అంటాడు. ఆయనే మార్చమన్నారని పిల్లలకు అబద్ధం చెప్పాను.

హాలంతా లేచి నిలబడింది. ప్రసాద్ గారి చుట్టూ చేరి అందరూ చెయ్యి కలిపారు. అంతమందిలో ఆయన ఏం చెప్పగలరు? తల దించుకుని చెయ్యి ఇస్తూనే ఉన్నారు. వినయం అనుకున్నారు జనం.

కొన్నాళ్ళకు గుడి పార్కింగ్ లాట్‌లో ఎదురుపడ్డారు. "రఫీక్ చూశాడమ్మా. 'నాటకం బాగుంది ప్రసాద్' అని మెసేజ్ పెట్టాడు. ఇంక నేనేం చెప్పినా నమ్మడు" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేను వాళ్ళమ్మాయి కాలేజీ అడ్మిషన్ల గురించి అడిగి, కారెక్కి వచ్చేశాను. సిగ్గుగా ఉంది ఇది రాస్తుంటే.

తర్వాత వీడియో తీసేశాను. చూడాల్సిన మనిషి చూశాక తీసి ఏం లాభం? ప్రసాద్ గారు మా ఇళ్ళకు రావడం మానేశారు. క్షమించమని ఇప్పుడు అడగడం లేదు. ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి రాయాలి, అంతే.

రఫీక్ గారూ, ఇది మీ కంట పడుతుందో లేదో. ఆ రోజు ప్రసాద్ గారు మీకు అడ్డంగా నిలబడలేదు. నిలబడ్డానని ఆయన ఎవరితోనూ అనలేదు. ఆ మాట రాసింది నేను.