తల మీద వేసిన ఒట్టు

మా ఆయన ఒక మాట అన్నాడంటే ఇక దానికి తిరుగు లేదు. ఉరవకొండ చుట్టుపక్కల నాలుగూళ్ళలో పొలం గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల పంపకాలు వచ్చినా మా ఇంటి అరుగు మీదికే వస్తారు. అంతటి పెద్దమనిషి, అరవై ఏడేళ్ళ వయసులో, పోయిన కార్తీకంలో పశువుల మేతకని వేరుశనగ కట్టె ఎత్తిన ట్రాలీ మీదికి ఎక్కాడు. తాడు బిగించడం కూలీలకు చేతకాదట, తాను చూపిస్తాడట. చూపించాడు. కాలు జారి కింద పడ్డాడు.

అందరూ చూసింది కాలే. మోకాలి కింద ఎముక చిట్లితే కట్టు కట్టారు, మంచం దిగొద్దన్నారు. నేను చూసింది ఇంకోటి. ఆ సాయంత్రం ఒళ్ళు తుడుస్తుంటే చెవి పైన నిమ్మకాయంత బొప్పి చేతికి తగిలింది. పడేటప్పుడు తల ట్రాలీ చక్రానికి కొట్టుకుందట. కట్టు కట్టేటప్పుడు డాక్టరుకు చెప్పలేదేమని అరిచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు.

“ఎవురికీ చెప్పనని ఒట్టెయ్. కొడుక్కి గూడా.”

“ఎందుకప్పా?”

“మా నాయన తలకు దెబ్బ తగిలినాంక ఏమైనాదో చూసినావు గదా. ఆయప్ప ఏం చెప్పినా, మతి తప్పి చెప్తాండాడనిరి. రేపు నన్నూ అట్లే అంటారు.”

మామగారి సంగతి నాకు తెలుసు. చివరి రోజుల్లో ఆయన మాట్లాడుతుంటే ఇంట్లో వాళ్ళు టీవీ సౌండు పెంచేవాళ్ళు. జాలేసింది. ఒట్టు వేశాను. మర్నాటి నుంచి మా ఆయన మంచం మీద కూడా తలకు టవల్ చుట్టుకునే ఉన్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మా వైపు మగవాళ్ళ తల మీద టవల్ లేకపోతేనే ఏమైందని అడుగుతారు.

పదకొండో రోజు పొద్దున బాత్రూముకని లేచి నాలుగడుగులు వేశాడో లేదో, గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

“ఊపిరి ఆడల్యా” అన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, చెమటకు బనియను తడిసి ముద్దయింది. కొడుకూ నేనూ కారులో వేసుకుని అనంతపురం తీసుకెళ్ళాం.

ఆసుపత్రిలో ఛాతీకి స్కాన్ తీసి చెప్పారు. కదలకుండా ఉంచిన కాలిలో రక్తం గడ్డకట్టిందట, ఆ గడ్డ పైకి పోయి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డుపడిందట. గుండె అలసిపోతోంది, బీపీ పడిపోతోంది. ఇలాంటి గడ్డల కోసమే అక్కడ ఒక జట్టు ఉంది. ఒక్క ఫోను కొడితే గుండె డాక్టరు, ఊపిరితిత్తుల డాక్టరు, స్కాన్లు చూసే డాక్టరు, ఐసీయూ డాక్టరమ్మ ఒకచోట చేరతారు. చేరారు. కంప్యూటర్ చుట్టూ నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. అక్కడ మనిషి ఊపిరికి కొట్టుకుంటుంటే ఇక్కడ వీళ్ళ పంచాయతీ ఏమిటి? నలుగురు చేరిన పంచాయతీలు మా అరుగు మీద నేను నలభై ఏళ్ళు చూశాను. టీలు అయిపోతాయి గానీ సంగతి తేలదు. ఆ టీలు పెట్టింది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

వీళ్ళు మాత్రం పాలు పొంగేంత సేపట్లో తేల్చేశారు. డాక్టరమ్మ మా దగ్గరికి వచ్చింది. గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇస్తామని, ఆ మందు ఒళ్ళంతా పాకుతుంది కాబట్టి ముందు కొన్ని విషయాలు తెలియాలని చెప్పింది.

“పక్షవాతం ఎప్పుడైనా వచ్చిందా? కడుపులో పుండు? ఈమధ్య ఆపరేషన్ ఏదైనా?”

“ల్యా మేడం” అన్నాడు కొడుకు.

“తలకు దెబ్బ తగిలిందా?”

“ల్యా మేడం. కాలొకటే.”

వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి తెలియదు. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుని వెనక్కి తిరిగింది. అవతల నర్సు మందు సిద్ధం చేస్తోంది.

ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో వాళ్ళకే చేటని నమ్మే ఇంట్లో పుట్టాను, అలాంటి ఇంటికే కోడలిగా వచ్చాను. నోరు విప్పితే నా మాటే ఆయన్ని పొట్టన పెట్టుకుంటుందేమో. విప్పకపోతే? ఆమె ఆ మాట ఊరికే అడిగి ఉండదు గదా. కాన్పులప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. వెళ్ళిపోతున్న డాక్టరమ్మ కోటు పట్టుకుని లాగాను.

“తగిలిండాది మేడం. తలకే. చెవి పైన. పది దినాల పైనాయ.”

“ఏమ్మా, ఇప్పుడా చెప్పేది!” అన్నాడు కొడుకు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. మందు ఆపమని నర్సుకు చెప్పి, టవల్ విప్పి తల తడిమి చూసి, మిగతా ముగ్గురినీ మళ్ళీ పిలిచింది. వెంటనే తలకు స్కాన్ తీశారు. పుర్రె కింద సన్నగా రక్తం చేరి ఉంది. ఆ ఇంజక్షన్ పడి ఉంటే తలలో రక్తం ఆగేది కాదన్నారు. ఇక మందు వద్దు, తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేద్దామని అనుకున్నారు. ముందు ఇంజక్షనే ఇవ్వాలని గట్టిగా చెప్పిన గుండె డాక్టరే “అది పనికిరాదు, దారి మారుద్దాం” అని గొట్టం పని తానే అందుకున్నాడు. అన్న మాటను ఒక మగవాడు అంత తేలిగ్గా వెనక్కి తీసుకోవడం నా జన్మలో అదే మొదటిసారి చూడడం.

మధ్యాహ్నం భోజనాల వేళకు డాక్టరమ్మ బయటికి వచ్చి ఫోనులో ఫొటో చూపించింది. తెల్లటి గుడ్డ మీద నల్లగా, జలగల్లా, నాలుగు ముక్కలు. అడ్డుపడినవి ఇవేనని, బీపీ నిలబడిందని, తలలో రక్తం పెరగకుండా కనిపెట్టి ఉంటామని, గండం గడిచిందని చెప్పింది. అక్కడే నేల మీద కూర్చుని హాయిగా ఏడ్చాను. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. కొడుకు ఎప్పుడో తెచ్చి పెట్టిన బొరుగుల ఉగ్గాని చల్లారిపోయి ఉంది. ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.

నాలుగో రోజు వార్డులో ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు.

“నా తలకు దెబ్బ తగిలిండాదని వాళ్ళకెట్ల తెలిసె?”

“నేనే చెప్పినా.”

“ఒట్టేసినావు గదా.”

“తీసి గట్టున పెట్టినా.”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కోపమొచ్చిందనుకున్నాను. వస్తే రానీ, కోప్పడడానికి మనిషి ఉన్నాడు, అది చాలు అనుకుంటూ చీనీకాయ, అదే బత్తాయి, ఒలుస్తున్నాను. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, టవల్ లేని తల మీద పెట్టుకున్నాడు.

“ఇంగో ఒట్టెయ్.”

“మళ్ళా ఏం దాచల్లప్పా?”

“ఏం దాచొద్దు. నేను దాచమన్నా దాచనని ఎయ్.”

నా చెయ్యంతా చీనీకాయ రసం. తుడుచుకోకుండానే వేశాను.