చివరి గది చిరునామా

పోయిన నెల రెండో మంగళవారం పొద్దున, నాచారంలో మా వరుస గదుల్లో చివరి గదిలో ఉండే అక్క చనిపోయింది. పాల ప్యాకెట్ తీసుకోలేదేమిటా అని మా ఇంటామె చూడబోయింది. తలుపు తీసే ఉంది. ఆ తలుపు పగలు ఎప్పుడూ వేసి ఉండేది కాదు. గడప పక్కన గోడకు ఆనుకుని, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉంది.

బస్తీవాళ్లు సంతాప సభ పెట్టి నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. చెప్పలేకపోతే రాసివ్వు, మన సంఘం పత్రికలో వేస్తాం అన్నారు. నేను చదివింది మా ఊళ్లో ఏడో తరగతి దాకా. తప్పులుంటే మీరే సర్దుకోండి.

ఆమె నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు వాళ్లది. భర్త పోయాక కొడుకునూ కూతురినీ వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చింది. ఉప్పల్‌లో ఒక దుకాణం ఉంది. అపార్ట్‌మెంట్ల బాల్కనీలకు పావురాలు రాకుండా వలలు కట్టేవాళ్లది. ఆ వలల అంచుకు తాడు కుట్టడం ఈమె పని. "మా ఊర్ల వలెందుకు? పట్టుకోడానికి. మీ ఊర్ల వలెందుకు? రాకండా ఉండడానికి" అని నవ్వేది.

నన్ను మొదటిసారి "బావూ" అని పిలిచినప్పుడు మా ఇంటామె బిందె కింద పెట్టి చూసింది. "ఏంది, నా మొగుణ్ని బావ అంటున్నవు?" అంది. "మా ఊర్ల బావూ అంటే బాబూ అని తల్లీ, నీ మొగుణ్ని నువ్వే ఉంచుకో" అంది అక్క. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఒకటి. నేను మాత్రం తలొంచుకుని వెళ్లిపోయేవాణ్ని.

కొడుకు కొన్నాళ్లు మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో చేశాడు. ఆ రేకుల షెడ్డులో ఊపిరాడడం లేదని మళ్లీ సముద్రానికే పోయాడు. వాళ్ల ఊరివాళ్లు చాలామంది వెళ్లినట్టే గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు వెళ్లాడు. అక్కడ బోటు హద్దు దాటిందని పక్క దేశం వాళ్లు పట్టుకున్నారు. అందరినీ జైల్లో పెట్టారు. మూడేళ్ల కిందటి మాట.

"నీటి మీద గీత గీసినోడెవుడో నాకు సూపించు బావూ, ఎలగ గీసినాడో అడుగుతాను" అనేది అక్క.

పట్టుబడినవాడు మన దేశం మనిషేనని మనవాళ్లు తేల్చి రాస్తేనే అటువాళ్లు వదులుతారట. కొడుకు ఆధార్ కార్డు మీద ఈ చివరి గది చిరునామానే ఉంది. అందుకని ఒక కానిస్టేబుల్ మోటార్‌సైకిల్ మీద వచ్చి రేషన్ కార్డు, ఫొటోలు చూసి రాసుకుని పోయాడు. పోతూ పోతూ, "ఇల్లు మారకమ్మా, మళ్ల వస్తం" అన్నాడు. మంచికే అన్నాడు. ఆ ఒక్క మాటతో అక్క ఆ గదికి కట్టుబడిపోయింది. ఉప్పల్ దుకాణానికి పోవడం మానేసింది. వల చుట్టలు వాళ్లే తెచ్చి పడేసి పోయేవాళ్లు, గడపలో కూర్చుని కుట్టేది. కూతురూ అల్లుడూ ఘట్‌కేసర్‌లో ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి పొద్దున వెళ్లి, విస్తరి ముందు నుంచి లేచి మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. కూతురు ఏడ్చింది. "నాను అక్కడుంటే ఆలొచ్చి తాళం సూసి ఎల్లిపోతారే" అంది.

నేను ఆమెకు దగ్గరైంది పేపర్ వల్ల. ఆమెకు చదువు రాదు. మిల్లు పని అయిపోయి ఇంట్లో కూర్చున్నాక నాకు రోజూ పేపర్ చదవడం అలవాటు. బైబిల్ చదివి చదివి పైకి చదవడం వచ్చింది గానీ మాట్లాడడం రాలేదు. మా ఇంటామెనే, "ఎట్లాగు సదువుతవు కదా, ఆమె ముంగట కూసోని సదువు, కొడుకు ముచ్చట ఏమన్న ఉంటదేమో" అని పంపింది. రోజూ ఎనిమిది గంటలకు స్టూలు పట్టుకుపోయి కూర్చునేవాణ్ని. ఆమె చేతులు తాడు మీదే ఉండేవి, చెవి నా దిక్కు ఉండేది.

ఏడాదికి రెండుసార్లు రెండు దేశాలూ జైళ్లలో ఉన్నవాళ్ల జాబితాలు ఒకరికొకరు ఇచ్చుకుంటాయి. పేపర్‌లో ఆ వార్త చిన్నగా వస్తుంది. పేర్లుండవు, ఇంతమంది అని అంకె ఉంటుంది.

"పేర్లెయ్యనేదా?"

"లేదక్కా. అంకెనే."

"పోనీ. మనోడు ఆ అంకెలో ఉన్నాడు."

ఆ రోజు టీ పెట్టి ఇచ్చేది.

పోయిన ఏడు ఎండాకాలం మొదట్లో కబురు వచ్చింది. శిక్ష అయిపోయింది, కాగితాలు సరిపోయాయి, తర్వాత వదిలే గుంపులో వీడి పేరుందని వాళ్ల ఊరి సంఘం వాళ్లు ఫోన్ చేశారు. అక్క లుంగీ, చొక్కా కొనిపించింది. ఒళ్లు తగ్గి ఉంటాడని ఒక సైజు చిన్నది తెప్పించింది.

అప్పుడే కశ్మీరు కొండల్లో, చూడడానికి వెళ్లినవాళ్లను కాల్చి చంపారు. ఆ పొద్దు నేను పేపర్ మొత్తం చదవలేకపోయాను. అక్క తాడు పక్కన పెట్టి, చంపబడ్డవాళ్ల పెళ్లాల కోసం ఏడ్చింది. అన్నం తినలేదు. తర్వాత రోజుకొక వార్త. ఇక్కడున్న అటు దేశం వాళ్లంతా రెండు రోజుల్లో వెళ్లిపోవాలని మనవాళ్లు అన్నారు. సరిహద్దు గేటు మూసేశారు. రాయబార కార్యాలయాల్లో మనుషులను తగ్గించేశారు. విమానాలు బంద్, ఉత్తరాలు బంద్. ప్రతిదానికీ అక్క అడిగేది ఒకటే, దీనికీ మనోడికీ ఏటి సంబంధం అని. నదుల నీళ్ల ఒప్పందం ఆపేశారని చదివిన రోజు, "మరి మనోడు తాగేదీ ఆ నీళ్లే కదేటి?" అంది.

"సంపినోడిని పట్టుకోవాల. నాను కాదంటానేటి? మనోడేటి సేసినాడు, సేపలు పట్టినాడు" అంది ఇంకో రోజు.

యుద్ధం వస్తుందని సైరన్లు మోగించి చూసిన రోజుల్లో కిరాణా కొట్టు దగ్గర పెద్ద చర్చ. కొట్టాయన జోరు మీదున్నాడు. "ఆళ్లతోని మాటలేంది? ఒక్క దెబ్బకు మొత్తం లేపేస్తే ఫికరే ఉండదు" అన్నాడు. పాల ప్యాకెట్ కోసం అక్క వెనకే నిలబడి ఉంది. "లేపీయండి బావూ. ఆ జైలొక్కటీ ఒగ్గీసి మిగతాది లేపీయండి" అంది. కొట్టాయన పాల ప్యాకెట్ రెండు చేతులతో ఇచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. అక్క తరఫున ఒక్క మాట అనవలసింది. అనలేదు.

నాలుగు రోజులు అటూ ఇటూ క్షిపణులు వేసుకుని ఆపేశారు గానీ గేటు తెరవలేదు. వదిలే మాట ఎవరూ ఎత్తడం లేదు. అక్క తిండి తగ్గించేసింది. ఒక పొద్దున అట్లా ఎండిపోయిన ముఖం చూసి నేను పేపర్‌లో లేనిది చదివాను. "జాలర్లను వదిలే విషయమై రెండు దేశాల అధికారులు మాట్లాడుకుంటున్నారు" అని. ఎట్లా వచ్చిందో నోట్లోంచి వచ్చింది. అక్క లేచి పొయ్యి మీద బియ్యం పెట్టింది.

మరుసటి రోజు, "మాటలేటయినాయి?" అని అడిగింది. ఇక ఆపడం నా చేతిలో లేకపోయింది. స్టూలు తీసుకుని బయల్దేరే ముందు ఒక వాక్యం తయారు చేసుకునేవాణ్ని. ఒక రోజు అధికారులు కలిశారన్నాను, ఒక రోజు జాబితా తయారైందన్నాను. ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఉండి కూడా రేపు ఏం చదవాలా అనే ఆలోచన. మా ఇంటామె కనిపెట్టింది. "నలభై ఏండ్ల కాపురంల నాతోని ఇన్ని మాటలు ఎన్నడన్న మాట్లాడినవా? గిదేం పని? ఎట్ల బయటపడ్తవు?" అంది. బయటపడే దారి నాకూ కనపడలేదు. నిజం చెబితే అన్నం మానేస్తుంది. చెప్పకపోతే రేపటికి ఇంకో అబద్ధం కావాలి.

మొన్న చలికాలం పోతుండగా అక్కకు ఆయాసం మొదలైంది. కూతురు వచ్చి దవాఖానాకు తీసుకుపోయింది. గుండె బాగాలేదు, వారం రోజులు ఉండాలన్నారట. సాయంత్రానికి ఆటో దిగి గదికి వచ్చేసింది. వెనకాల కూతురు ఏడుస్తూ, "పేపర్ల రాసినారట, ఈ వారమో పై వారమో వచ్చీస్తారట, తను ఇక్కడే ఉండాలట. మీరైనా చెప్పండి మావయ్యా" అంది నాతో.

మర్నాడు పేపర్ విప్పలేదు. మడత మీద చేతులు పెట్టుకుని చెప్పేశాను. "అక్కా, నేను చదివిందాంట్ల చానా దినాల సంది నిజం లేదు. మాటలు లేవు, జాబితా లేదు. అన్నీ నేనే కల్పించిన. దవాఖానాకు పో అక్కా."

ఆమె తాడు ముడి వేసి, పళ్లతో కొరికి, అప్పుడు నా ముఖం చూసింది.

"తెల్దేటి నాకు? సినిమా దాని బొమ్మ మీద ఏలెట్టి జైలు వార్త సదువుతున్నావు."

"మరెందుకు ఊకున్నవు?"

"నువ్వు నోరిప్పి మాటాడిందే అప్పుడు కదా బావూ. ఇనాలనిపించింది."

దవాఖానాకు మాత్రం పోలేదు. "నీ అబద్దం గురించి కాదులే. ఆ పోలీసాయన మళ్లీ వస్తానన్నాడు కదా, నానుండాల" అంది. నా మనసు బరువు తీయడానికి అట్లా అన్నదో, నిజమే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకా గట్టిగా చెప్పవలసింది. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించవలసింది. నేను ఒకసారి అని ఊరుకునే మనిషిని.

"రేపట్నించి ఉన్నదే సదువు" అంది. పదకొండు రోజులు ఉన్నదే చదివాను. గేటు మూసే ఉందని చదివాను. ఉత్తరాలు పోవడం లేదని చదివాను. వింటూ తలూపేది. అన్నం మానేస్తుందని భయపడ్డాను, మానలేదు. ఆ పదకొండు రోజులూ ఆమె ఎదుట నేను తలెత్తి కూర్చున్నాను. అంత ఓపికగా నా మాట విన్న మనిషి నాకు ఇంకొకరు లేరు. అందుకు దండం పెడుతున్నాను.

తల్లి పోయిన సంగతి కొడుకుకు తెలియదు. తెలియజేసే దారి ఎవరిని అడిగినా లేదంటున్నారు.

కర్మ అయ్యాక గది ఖాళీ చేద్దామని కూతురు వచ్చింది. ముందు పోలీసు కాగితాల్లో చిరునామా మార్పించాలని నన్ను తోడు రమ్మంటే స్టేషన్‌కు పోయాను. జీవితంలో మొదటిసారి. అక్కడున్నాయన చెడ్డవాడు కాదు, కుర్చీ వేశాడు. "అడ్రస్ మారిస్తే కాగితం మళ్ల మొదటికెల్లి పోవాలమ్మా. ఇప్పుడున్న హాలత్‌ల మొదలువెడితే ఎన్నడు తేలుతదో నేను చెప్పలేను. ఇంకొన్ని రోజులు అదే ఉండనియ్యరాదు?" అన్నాడు. ఆ పిల్ల గది ఖాళీ చేయలేదు.

ఇప్పుడు రోజూ మల్లాపూర్‌లో తన ఫ్యాక్టరీ షిఫ్టు అయ్యాక నేరుగా ఇక్కడికి వస్తుంది. తాళం తీసి, తలుపులు బార్లా తెరిచి, గడపలో కూర్చుంటుంది. చెప్పులు విడవదు. టిఫిన్ బ్యాగు భుజం మీదే ఉంటుంది, ఏడు గంటలకు ఘట్‌కేసర్ బస్సు అందుకోవాలి. మా ఇంటామె ఇచ్చిన టీ చల్లారిపోతూ ఉంటుంది. సందులోకి ఏదైనా మోటార్‌సైకిల్ మలుపు తిరిగిన చప్పుడైతే లేచి నిలబడి చీర సర్దుకుంటుంది. బండి ఆగకుండా దాటిపోయాక కూడా కాసేపు అట్లాగే నిలబడి ఉంటుంది.