బ్యాటరీకి బొట్టు

పోయిన వారం మా ఆఫీసు కింద ఎవరో కొత్త కారుకు పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి అంతటితో ఊరుకుంటే బాగుండేది. బానెట్ ఎత్తి, లోపల పసుపు కుంకుమలు చల్లి, కొబ్బరి చిప్పలోని నీళ్లు తీసుకెళ్లి బ్యాటరీ మీద వంపారు. ఇంజిన్ వేడికి ఆ నీళ్లు కాగి ఒక వాసన లేచింది. కాగిన కొబ్బరి, మాడిన పసుపు, వేడి ఇనుము కలిసిన వాసన అది. అందరూ కళ్లు మూసుకుని దండం పెడుతుంటే నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాను. దేవుడి మీద నాకేం కోపం లేదు. కానీ ఆ వాసన దగ్గర నేను నిలబడలేను, ఎందుకంటే మా యాదమ్మత్తను ఇంట్లోంచి వెళ్లగొట్టింది ఆ నీళ్లే.

మాది మర్రిగూడ దిక్కు ఊరు. బోరునీళ్లకు పళ్లు పచ్చబడ్డ పిల్లలం, చలికాలం వస్తే ఇంటి ముందరి అర్రలో గుట్టగా పోసిన పత్తి మీద పొర్లి ఒళ్లంతా దురద పెట్టించుకునేవాళ్లం. తెల్లారకముందే వాకిట్లో పత్తికట్టెతో మంట వేస్తే దాని చుట్టూ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, మంచులో ఒకరికొకరం కనపడక మాటలతోనే గుర్తుపట్టుకుంటూ, మొఖాలు మాడేదాకా, వీపులు వణికేదాకా కాగేవాళ్లం. ఆ మంట మీదే యాదమ్మత్త అనపకాయలు ఉప్పేసి ఉడికించేది. వేడివేడివి ఒళ్లో పోస్తే ఊదుకుంటూ, గింజలు నోట్లోకి పిండుకుంటూ, తొక్కలు మళ్లీ మంటలోకే విసిరేవాళ్లం. ఎండ ముదిరితే కర్రతో బిళ్లను కొట్టే చిర్రగోనె ఆట, ఆట అయ్యాక జొన్నరొట్టెలోకి ఆమె నూరిన పచ్చిమిరపకాయ తొక్కు. నా చిన్నతనంలో రుచి అనేది ఏదైనా ఉంటే అది ఆమె చేతిలోంచి వచ్చిందే.

ఆమె మా నాయినకు చెల్లెలు. పెళ్లయిన కొత్తలోనే మామ చనిపోతే, పిల్లాజెల్లా లేకుండా పుట్టింటికి తిరిగొచ్చింది. మా అమ్మ కూలికి పోతే నాకు తల దువ్వింది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది ఆమే. పొద్దున్నే నాయినకు వేడినీళ్లు తోడి ఇవ్వడం, తర్వాత కారు కొన్నాక అది బయటికి వెళ్లేటప్పుడు ప్రహరీ దర్వాజ తీసి పట్టుకోవడం కూడా ఆమె పనులే.

కారు తెలంగాణ వచ్చిన కొత్తలో వచ్చింది. సెకండ్ హ్యాండ్‌ది, తెల్లది. కిరాయికి తిప్పేవాడు నాయిన, ఎక్కువగా నల్లగొండ దవాఖానకు. దాని మొదటి దసరాకు మా అవ్వ, అంటే నాయిన తల్లి, దగ్గరుండి పూజ చేసింది. కారుకు పానం ఎక్కడుంటుందిరా అని అడిగితే నాయిన నవ్వుతూ బ్యాటరీ చూపించాడు. ఇంకేం, అవ్వ బ్యాటరీకి నిండుగా పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, దాని దూప, అంటే దాహం, తీరాలని కొబ్బరినీళ్లన్నీ దాని మీదే పోసింది. ముద్దుగా ఉందని మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ చలికాలమే లైటు మొదలైంది. పొద్దున స్టార్ట్ చేయగానే స్టీరింగ్ ముందున్న మీటర్లలో బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగేది, ఆరేది, మళ్లీ వెలిగేది. ఒక్కోనాడు దానితో పాటు మిగతా లైట్లు కూడా పెళ్లి పందిరి లెక్క వెలిగి ఆరేవి. ఊరు దాటి ఎండ తగిలేసరికి ఏమీ ఎరగనట్టు అన్నీ ఆరిపోయేవి. లైటుకేమో చలి కావాలి, నల్లగొండ మెకానిక్కేమో ఎండెక్కితే గానీ షటర్ లేవదు. నాయిన అంత దూరం పోయి చూపిస్తే ఆయన బానెట్ కిందికి తొంగి చూసి, "ఏడ లైటన్నా? బండి మంచిగనే ఉంది, ఫికర్ జేయకు" అని పంపించేవాడు. ఒకసారి బ్యాటరీ మార్చాడు, ఇంకోసారి ఇంకేదో మార్చాడు. వారం పదిరోజులు బాగుండి, మళ్లీ మంచు దిగితే మళ్లీ ఎర్రలైటు.

అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియకపోవడమే మా కొంప ముంచింది. ఎప్పుడూ వెలిగే లైటైతే మెకానిక్ చూసేవాడు. పొద్దున పూటే వచ్చి మాయమయ్యేది కాబట్టి మా వాళ్లు దాన్ని దిష్టి అన్నారు. అవ్వ ప్రతి అమాసకూ, తర్వాత ప్రతి మంగళవారానికీ కొబ్బరికాయ కొట్టి బ్యాటరీకి పోయడం మొదలుపెట్టింది. లైటు ఎన్నిసార్లు వెలిగితే అన్నిసార్లు నీళ్లు పోసింది. బానెట్ ఎత్తితే ఈగలు, చీమల బారులు, జిగటజిగటగా పసుపు బురద. కారు ముందు కట్టిన నిమ్మకాయలు విప్పితే శాంతి చెడుతుందని విప్పనిచ్చేది కాదు, అవి నల్లగా కుళ్లి, రసం కారి, పురుగులు పట్టి అలాగే వేలాడేవి. ఆ కంపు కారులోకి వచ్చి దవాఖానకు పోయే రోగులు దారిలోనే వాంతులు చేసుకునేవాళ్లు. నాయిన ఆ సీట్లు కడుగుతుంటే అవ్వ ఇంకో నిమ్మకాయ గుచ్చేది.

ఒకనాడు పొద్దున ఒక ముసలాయనను దవాఖానకు తీసుకెళ్తుంటే కారు ఊరి బయటే ఆగిపోయింది. ఆయనకేం కాలేదు, ఎవరి ఆటోలోనో పంపించారు. కానీ బండి మీద మాట వచ్చింది. ఆ సాయంత్రం మా పెదనాయిన వచ్చి అరుగు మీద కూర్చుని, బీడీ ముట్టించి, మెల్లగా విషం కక్కాడు.

"పొద్దుగాల దర్వాజ ఎవలు దీస్తున్నరో జర సూస్కో తమ్మీ. గసుంటోళ్లు ఎదురొస్తే బండి నడుస్తదా?"

యాదమ్మత్త అప్పుడు వాకిట్లోనే బియ్యం చెరుగుతోంది. ఆమె ఆయనకూ చెల్లెలే. మర్నాడు అవ్వ ఆమె తల నిమిరి, ఎంతో ప్రేమగా, "నువ్వు జర బండి పోయేదాంక ఎనక కొట్టంలనే ఉండు బిడ్డా" అంది. తిట్టినా అంత అసహ్యం వేసేది కాదేమో. కన్నతల్లి తల నిమిరి చెప్పింది ఆ మాట.

అత్త కొట్టంలో బర్రెల మధ్య నిలబడేది. కారు చప్పుడు దూరమయ్యాక పేడ తట్టతో బయటికి వచ్చేది. లైటు మాత్రం మానలేదు. ఎదురు రాకపోయినా చూపు పడుతుందన్నారు. చూపు పడకపోయినా ఉసురు తగులుతుందన్నారు. ఒక పొద్దున రొట్టె చేస్తూ ఆమే అంది, "నేను పోతనే అవ్వా. భువనగిరి కాడ హాస్టల్ల వంటకు మనుషులు గావాల్నంట."

"పో బిడ్డా. గీ చలి పోయినంక రా" అంది అవ్వ.

నేను అత్త చీర పట్టుకుని ఏడిస్తే మా అమ్మ నన్ను లోపలికి గుంజుకుపోయింది. నాయిన తల దించుకుని చెప్పులు వెతుక్కున్నాడు. వాకిట్లో కారు ఉంది, నడుస్తుంది, నడిపే అన్న ఉన్నాడు. ఆమె మాత్రం సంచి చంకన పెట్టుకుని బస్సు దాకా నడుచుకుంటూ పోయింది.

ఆమె పోయిన మర్నాడు కూడా లైటు వెలిగింది. ఇక నిందించడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు కాబట్టి, నాయిన మొదటిసారి చలిలోనే, ఇంజిన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తాడు. నేను వేపపుల్ల నములుతూ గడపలో నిలబడి చూస్తున్నాను. ఒక్కో వైరు పట్టి కదిలించాడు. బ్యాటరీ కింద, కారు ఇనుముకు బిగించి ఉండే లావు నల్లవైరు ఒకటుంది. దాన్ని వేలితో నొక్కితే ఎర్రలైటు ఆరింది, వదిలితే వెలిగింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఆరింది. ఇంజిన్ ఆపి బోల్టు విప్పితే కింద తెల్లగా, పచ్చగా పొక్కులు కట్టి ఉంది. ఎన్ని వారాల పసుపో, ఎన్ని కొబ్బరికాయల నీళ్లో జారిపోయి ఆ మూల చేరి, పులిసి, ఇనుమును తినేశాయి. చలికి ఇనుము ముడుచుకుంటే వైరు పట్టు తప్పేది, వేడెక్కితే మళ్లీ అంటుకునేది. దిష్టి అంతా అదే. ఆ పొక్కులు ఊడదీస్తుంటే కుళ్లిన కంపుకు నాయిన మొహం తిప్పుకున్నాడు. గరుకు కాయితంతో తళతళలాడేదాకా రుద్ది, వేడినీళ్లతో కడిగి, గట్టిగా బిగించాడు. కారు స్టార్ట్ చేస్తే మీటర్లు ప్రశాంతంగా ఉన్నాయి.

అప్పుడే అవ్వ బయటికి వచ్చింది. లైటు లేదని చూసి రెండు చేతులూ జోడించింది. "సూసినవా కొడుకా, అది గడప దాటంగనే ఎట్ల బందైందో" అంది.

నాయిన చేతుల్లో ఇంకా ఆ పసుపు మురికి ఉంది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని నేను ఆయన నోటి వంకే చూశాను. చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని, "అన్నం పెట్టు" అన్నాడు.

చలి పోయింది, అత్త రాలేదు. రమ్మని ఎవరూ కబురు పెట్టలేదు. ఆ కారు ఎప్పుడో పాత ఇనుముకు పోయింది, అవ్వ పోయింది, వాకిట్లో ఇప్పుడు మంట వేసేవాళ్లు లేరు, అనపకాయలు పండించేవాళ్లు కూడా తక్కువే. వచ్చే నెల నా పెళ్లి. మొన్న ఇంటికి పోయినప్పుడు, భువనగిరి పోయి యాదమ్మత్తను నేనే తీసుకొస్తానని, పీటల మీద నా పక్కన ఆమె కూర్చోవాలని చెప్పాను. నాయిన అన్నం కలుపుతూనే తలూపాడు.

"తోల్కరా బిడ్డా, నేనొద్దంటనా? గని పెండ్లి పిల్లగాడు మొన్ననే కొత్త బండి కొన్నడు. జర దాని ముంగట నిలవడకుంట సూస్కో. అప్పట్ల మన లైటు గామె పోయినంకనే గద బందైంది."

ఆయన నమ్మే అంటున్నాడు. కళ్లలో దాపరికం లేదు, గొంతులో తడబాటు లేదు. ఆ వైరు విప్పి కడిగిన సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు ఇప్పుడు. కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను.