తలుపు వేసుకుని తిన్న చద్దన్నం

మా చెల్లెలు సోషియాలజీ పాఠాలు మొదలుపెట్టేది మా ఇంటి చద్దన్నంతోనట. ఆ సంగతి మా అమ్మాయి చెప్పింది. పన్నెండో తరగతి అయ్యాక ఏం చదవాలో తేలక, ఒకరోజు మేనత్త పనిచేసే కాలేజీకి వెళ్ళి ఆవిడ క్లాసులో కూర్చుని వచ్చింది. అది కామర్స్‌లో చేరాలని, లెక్కలు నేనే నేర్పాలని నా ఆశ.

"నాన్నా, బీర్‌గావ్‌లో ఉన్నప్పుడు నాన్నమ్మ తలుపేసి చద్దన్నం పెట్టేదంట, నిజమేటి?"

నిజమే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. శ్రీకాకుళం నుంచి రాయ్‌పూర్ పక్కనున్న బీర్‌గావ్‌కి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ళం. నీళ్ళన్నం తింటున్నామని తెలిస్తే లేనివాళ్ళనుకుంటారని అమ్మ గడియ పెట్టేది. గోడ అవతలి ఛత్తీస్‌గఢీ ఇంట్లోనూ అదే వేళకు గడియ పడేది. ఒకరోజు చెల్లెలు గిన్నె పట్టుకుని వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టింది. వాళ్ళూ బాసీ తింటున్నారు. అదే నీళ్ళన్నం, పక్కన అదే ఉల్లిపాయ.

ఆ గిన్నె దాన్ని ఎంత దూరం తీసుకెళ్ళిందో! ఎమ్మే చేసింది, ధర్సీవాలో గెస్ట్ లెక్చరరైంది, ఇప్పుడు రాయ్‌పూర్‌లో పర్మనెంటు. ఎవరు ఎవరితో కలిసి తింటారు, ఎవరు తలుపేసుకుంటారు అన్నదే దాని చదువంతా. నేను మిల్లులో పాత బిల్లులు చూసి సొంతంగా లెక్కలు నేర్చుకున్నాను. ఇద్దరం తిన్నది ఒకే కుండలోది.

"అత్త చెప్తుంటే ఒడియా అమ్మాయి లేచి, మా ఇంట్లోనూ తలుపేస్తారు మేడమ్ అనీసింది. క్లాసంతా ఏక్‌దమ్ అటే తిరిగింది! నువ్వెప్పుడూ నాకు చెప్పలేదేటి?"

"నువ్వడిగావా?"

"అత్తనీ నేనడగలేదు కదా."

నేను లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాను.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నియ్యా, నీ కూతురు నా దగ్గరే చేరతానంటోంది. మా సర్వేలకి శాతాలు, సగటులు కావాల. అవి మాత్రం నువ్వే నేర్పాల దానికి."

విందంతా తను తిని, నాకు తాంబూలం పంపినట్టనిపించింది. "చూద్దాంలే" అన్నాను.

మర్నాడు పొద్దున్న మా అమ్మాయి వీధి తలుపు బార్లా తెరిచి, మెట్ల మీద కూర్చుని చద్దన్నం తింటోంది. కామర్స్ మాట ఇక ఎత్తి లాభం లేదని అర్థమైంది. నా గిన్నె తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

"అవతలివాళ్ళ గడియ రోజూ మనకన్నా కాస్త ముందు పడేది. అది వినే మీ నాన్నమ్మ మన గడియ వేసేది. వాళ్ళూ దాచుకుని తింటున్నారని ఆవిడకి ముందే తెలుసు. మీ అత్తకి ఇది తెలీదు. అప్పటికింకా నిద్ర లేచేది కాదు."

పిల్ల ముద్ద ఆపేసింది. "అరే, సచ్ మే? నిజమేటి? అత్తకి ఫోన్ చెయ్యనా?"

"వద్దు" అన్నాను. "ముందు నువ్వు పూర్తిగా విను."