నాలుగో ప్లాటులో పాలు

ఆ ఆదివారం ఉదయం పదకొండుంబావుకు మంఖాల్ దగ్గర మా పాలు పొంగాయి. పాలు పొంగడంలో వింతేముంది అంటారా? కాస్త ఆగండి. అంతకంటే ఘోరమైన గృహప్రవేశం మీరు చూసి ఉండరు.

అప్పటికి నా ఉద్యోగం ఇంకా నాలుగేళ్లుంది. ఆరాంఘర్ దగ్గర అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. విశ్రాంత జీవితం ఎలా గడపాలో చెప్పే పుస్తకాలన్నీ చదివి, విమానాశ్రయం పక్కనున్న మంఖాల్ వెంచర్‌లో ఒక ప్లాటు కొన్నాను. ఇంటి నమూనా నేనే గీశాను. పుస్తకాల గది, పడక కుర్చీకి చోటు, మోకాళ్లు అరిగాక పట్టుకోవడానికి గోడలకు కడ్డీలు. ఇంకా అరగని మోకాళ్లకు కూడా ఏర్పాట్లు చేసినవాణ్ణి.

నా భార్య సుభద్ర అడిగింది ఒక్కటే.

"ఇప్పుడే ఒక గది వేసుకుందామండీ. ముందు చిన్న వసారా. కూర్చుని విమానాలు చూస్తాను."

"రిటైరయ్యాక అన్నీ ఒకేసారి కడదాం. తొందరపడకూడదు."

"విమానాలే నయం. ఆలస్యమైనా లేస్తాయి."

ఏడాది వాదించుకున్నాక రాజీ కుదిరింది. గది తరవాత, ముందు మంచిరోజు చూసి పాలు పొంగిద్దాం. గోడా లేదు, గడపా లేదు, గృహప్రవేశం మాత్రం సిద్ధం.

వెంచర్‌లోకి వెళ్లడానికి మొదట ఒకటే కమాను ఉండేది. మేం కొన్నాక రెండోవైపు ఇంకొకటి కట్టారు. నేను కొత్త కమానులోంచి వెళ్లి, పాత లెక్క ప్రకారం కుడివైపు నాలుగో ప్లాటు ముందు స్కూటరు ఆపాను.

"ఇక్కడ వేపమొక్క ఉండాలి కదా?" అంది సుభద్ర.

"ఎండిపోయి ఉంటుంది."

"ఎదురుగా పెద్ద బండ ఉండేది."

"పగలగొట్టేసి ఉంటారు."

చూశారా! వేపమొక్కను ఎండబెట్టాను, బండను పగలగొట్టాను. నేను పొరపడి ఉండొచ్చని మాత్రం అనుకోలేదు.

సుభద్ర ముగ్గుపిండితో గోడలు గీసింది. వసారా గీసి, దాని పక్కన సన్నజాజి అంటు నాటింది. వంటింటి మూలలో మూడు రాళ్లు పెట్టి పాలగిన్నె ఎక్కించింది. అప్పుడే ఒకావిడ గబగబా వచ్చింది. పేరు యాదమ్మ, మంఖాల్‌లో కిరాణా దుకాణం నడుపుతుందని తరవాత తెలిసింది.

"ఏందక్కా గిది? మా జాగల ముగ్గేసిన్రు, పొయ్యి పెట్టిన్రు?"

నేను గంభీరంగా లేచాను. "ఇది మా ప్లాటమ్మా. మీరు పొరపడ్డారు."

"ఎవలు పొరపడ్డరు సారూ? గా మూలకు గడ్డి జరపుండ్రి. రాయి మీద నంబరు సదువుండ్రి. సదువొస్తది గద?"

గడ్డి జరిపాను. చదివాను. చదువు వచ్చినందుకు అంతగా ఎన్నడూ విచారించలేదు.

"పొయ్యి ఆర్పేసి వెళ్లిపోతాం," అంటూ నీళ్ల సీసా తీశాను. అప్పుడే పాలు పొంగాయి.

"ఆర్పకుండ్రి! పాలు పొంగంగ పొయ్యి ఆర్పుతరా ఎవలన్న? మా జాగకు మంచి శకునమైంది. ఇగ జర చక్కెరెయ్యక్కా, అందరం తాగుదం."

సుభద్ర నవ్వు ఆపుకోలేక కింద కూర్చుంది. "మరి మా ఇంటికో?"

"మీరు మళ్లొకపారి పొంగించుకోండ్రి. పాలకేం కరువక్కా?"

తిరుగుదారిలో స్కూటరు వెనకనుంచి సుభద్ర అడిగింది. "వచ్చే ఆదివారం మన ప్లాటులో పొంగిద్దామా?"

"ఇల్లు కట్టాకే. ఈసారి పద్ధతిగా," అన్నాను.

నేను రిటైరయ్యే ముందు వేసవిలో సుభద్ర పోయింది. నా పద్ధతి నాకు మిగిలింది.

యాదమ్మ ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. ఆవిడ నీళ్లు పోసి బతికించిన సన్నజాజి వసారా స్తంభం ఎక్కి ఉంది. "గీ ఇంట్ల మొదలు పాలు పొంగించింది మా సుభద్రక్కనే," అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నన్ను వసారాలో కూర్చోబెట్టింది. మీదుగా విమానం పోయింది. రోజూ చూసేదే కాబట్టి ఎవరూ తలెత్తలేదు. నేను చూశాను.

"సారూ, మీ ఇల్లెప్పుడు?" అంది.

నా ప్లాటుకు ఇప్పుడు కళ్లు మూసుకుని వెళ్లగలను. వేపమొక్క చెట్టయింది. బండ చెక్కుచెదరలేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నంబరు రాయి చదవకుండా ఇకపై ఎవరి స్థలంలోనూ పాలు పొంగించను. చదివి కూడా, నా స్థలంలో పొంగించను. ఇంట్లో పొద్దున్నే డికాక్షన్ ఒక్కటే తాగుతున్నాను. పాలు కాయడం మానేశాను.