ఓస్లోలో వాన పడాలని

ఆ రోజుల్లో నేను పొద్దున లేవగానే ఫోన్లో చూసేది తాండూరు ఎండ సంగతి కాదు, ఓస్లోలో వాన పడుతుందా లేదా అని. అంతకుముందు వారం కోపెన్‌హాగన్లో వాన కోసం చూశాను. మా చిన్నాన్న కూతురు ఏ రాజధానిలో ఉంటే ఆ రాజధాని తడిసి ముద్దవ్వాలన్నది నా కోరిక. (డైరీలో దాని పేరు మహారాణి. ఎదురుగా మాత్రం 'చెల్లీ' అనేదాన్ని.)

కొత్త రకం భవనాల పిచ్చి అసలు నాది. వికారాబాద్ బడిలో పాఠాలు చెప్పి, తాండూరు రైల్లో ఇంటికొస్తూ, ఒడిలో బొమ్మల పుస్తకం పెట్టుకుని ఓస్లో సంగీత నాటకశాలను అరిగిపోయేలా చూసేదాన్ని. సముద్రంలోంచి ఏటవాలుగా లేచిన తెల్లరాతి కట్టడం. దాని కప్పు మీదికి ఎవరైనా నడిచి వెళ్లవచ్చు. మహారాణి ఆఫీసు పని మీద అటు వెళ్లి, సెలవు దొరికితే చాలు, గైడు వెంట ఊళ్లు నడిచి చూసేది. "అక్కా, నువ్వు చెప్పినవే చూస్తున్న" అని ఫొటోలు పంపేది. అది నన్ను ఇంకా మండించింది.

ఆ ఆదివారం నా కోరిక తీరింది, ఓస్లోలో వాన. సంబరపడేలోగా వీడియో కాల్ వచ్చింది. తడిసిన రాయి పుస్తకంలో కంటే పదింతలు అందంగా ఉంది.

"గైడు మేడమ్ పక్కనే ఉన్నది అక్కా, ఏమన్నా అడుగుతవా?"

అడగాల్సిన ప్రశ్న రెండేళ్లుగా నా దగ్గర సిద్ధంగా ఉంది: ఎక్కడ నేల అయిపోయి ఎక్కడ కప్పు మొదలవుతుందో నడిచేవాళ్లకు తెలుస్తుందా? దాన్ని ఇంగ్లీషులో ఒకసారి గొణుక్కునేలోగా ఫోన్ నాయిన చేతిలోకి పోయింది. ఆయనది బండలు పాలిష్ పట్టే యూనిట్.

"బిడ్డా, మొగులు దిక్కు కాదు, కిందికి చూపియ్. గా బండ పాలిష్ కొట్టిండ్రా? జారుతలేదా?"

"ఇది నేల కాదు పెద్దనాయినా, మిద్దె!"

"మిద్దె మీద గింత మందా! సందులల్ల ఏం నింపిండ్రో అడుగు జర."

వెనక నుంచి చిన్నమ్మ అరిచింది. "పిట్టగోడ లేని మిద్దె మీద నీకేం పనే? దిగు ముందు!"

చెల్లి ఇంగ్లీషులోకి మార్చి అడుగుతుంటే, గైడు నీలం రెయిన్‌కోటులో పడిపడి నవ్వుతూ నాయినకు ఓపిగ్గా జవాబులు చెప్పింది. (నాకన్నీ తెలిసిన జవాబులే. ఇప్పుడు నాయిన మీద కూడా అసూయ.) చివరికి ఫోన్ నా చేతికొచ్చింది. గైడు మొహం తెర నిండా నాకోసమే ఎదురు చూస్తోంది. ప్రశ్న మాయమైంది. చెల్లి వైపు చూసి నేను అన్నది ఒక్కటే మాట.

"తిన్నవా?"

"లే అక్కా. గిక్కడికొచ్చినంక గా మాట ఒక్కలు గూడ అడుగలే" అంది. కళ్లు తుడుచుకుంది, వాననీళ్లే అన్నట్టుగా.

జాలేసింది, నిజంగానే. కానీ ఆ జాలి పడుతూనే, ఫోన్లో దాని భుజం పక్క నుంచి ఆ తెల్లటి వాలు ఇంకొంచెం కనిపిస్తుందేమోనని మెడ చాచి చూసిన ఆనాటి నేను గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, ఆ పిల్లకు చెల్లెలూ కావాలి, ఆ మిద్దె కూడా కావాలి.