మెట్టుగూడ గోడ మీద నర్సమ్మ

కరోనా తగ్గిన మరుసటి ఏడు. నేనప్పుడు సికింద్రాబాద్‌లో మున్సిపల్ ఏఈని, అంటే రోడ్లు, కాలువలు, గోడలు చూసుకునే అసిస్టెంట్ ఇంజనీరుని. మెట్టుగూడలో మా గోడొకటి ఉచ్చ కంపుకు పేరుమోసింది. దాన్ని బొమ్మలు గీయడానికి కొత్త ఆర్టిస్టులకు వంతులవారీగా ఇమ్మని పైనుంచి ఆర్డరొచ్చింది. 'టెంపరరీ వాల్' అన్నారు. గడువు తీరగానే సున్నం కొట్టి ఇంకొకరికి ఇవ్వాలి.

రెండో వంతు గ్రేసుది. రైల్వే క్వార్టర్స్ అమ్మాయి. అంతకుముందు ఊళ్లో ఎవరూ ఆమెకు జానెడు చోటివ్వలేదు.

"ముందు దేవుళ్ల టైల్స్ అంటించమ్మా, లేకపోతే మగాళ్లు ఆగరు" అన్నాను.

"పాపం, దేవుళ్లకు ఈ కంపులో వాచ్‌మన్ డ్యూటీ ఎందుకు సార్?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఆమె నర్సమ్మను గీసింది. ఆ గోడ పక్కనే ఏళ్ల తరబడి మక్కబుట్టలు, అదే మొక్కజొన్న పొత్తులు, కాల్చి అమ్మి, కరోనాలో పోయిన మనిషి. బొగ్గులు విసురుతూ తలెత్తి సూటిగా చూస్తోంది. ఆమె చూస్తుండగా ప్యాంటు జిప్పు మీద చెయ్యేసే ధైర్యం ఎవడికుంటుంది! గోడ పొడిగా ఉండిపోయింది. ఎదురుగా చాయ్ బండి నడిపే ఆమె కొడుకు యాదగిరి పొద్దున్నే వచ్చి అగరొత్తి వెలిగించేవాడు. ఆ రోజుల్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

గడువు తీరింది. సున్నం బకెట్లతో వెళ్లేసరికి యాదగిరి అడ్డం నిలబడ్డాడు.

"మా అమ్మ మీద సున్నం ఏస్తరా సార్? పోయినప్పుడు సుత ఆమె మొఖం చూడనియ్యలే. గీడనే చూసుకుంటున్న."

 నాకు గడువు పొడిగిద్దామనే అనిపించింది. కానీ తర్వాతి వంతు అమ్మాయి షబానా, మౌలాలి నుంచి రంగు డబ్బాలు మోసుకొచ్చి బిక్కమొహంతో నిలబడి ఉంది.

బొమ్మను ఆఖరిసారి చూసుకోవడానికి వచ్చిన గ్రేసు ముందుకొచ్చింది. "అన్నా, నా ముందోళ్లు గోడ ఇడువకపోతే అమ్మను నేనేడ గీద్దును? ఈ పిల్లకు ఇదే ఫస్ట్ గోడ."

యాదగిరి అమ్మ బొమ్మ వైపు తిరిగి చూశాడు. తర్వాత మా మనిషి చేతిలోని బ్రష్ తీసుకున్నాడు.

"నేనే ఏస్త. అప్పుడు నా చేత్తోటి ఏం చెయ్యనియ్యలే."

కాళ్ల దగ్గర మొదలుపెట్టాడు. మొహాన్ని ఆఖరికి ఉంచి, నుదుటి నుంచి మెల్లగా తుడిచినట్టు వేశాడు. దాచడం దేనికి, నేను ఏడ్చేశాను. అతను తడి కళ్లతోనే షబానా వైపు తిరిగాడు.

"జెర చాయ్ తాగి షురూ చెయ్, బిడ్డా."

కట్టినది ఎన్నేళ్లు నిలుస్తుందో లెక్కగట్టడం నా ఉద్యోగం. నిలిచిపోవాలని ప్రాణం కొట్టుకునేదాన్ని ఇంకొకరి కోసం వదులుకోవడం మాత్రం యాదగిరి దగ్గరే చూశాను.